అత్తమ్మ కోడీ కుంపటీ

నిన్న మధ్యాహ్నం డెలివరీ మనిషి గుమ్మంలో ఒక అట్టపెట్టె పెట్టి పోయాడు. మియాపూర్‌లో ఉండే మా అమ్మాయి పంపించింది. పెట్టె మీద బొమ్మ చూడగానే నాకు నవ్వు ఆగలేదు. కరెంటు రైస్ కుక్కర్. వెనకాలే ఫోను. "అమ్మా, ఇగ గ్యాస్ దగ్గర నిలబడే పని లేదు. బియ్యం కడిగి పోసి స్విచ్ వేసి మర్చిపో. అదే ఉడుకుతది, అదే ఆగిపోతది" అన్నది. నేను నవ్వుతుంటే దానికి కోపం వచ్చింది. ఏం చెప్పను? "స్విచ్ వేసి మర్చిపో" అన్న మాట ఈ ఇంట్లో వినబడటం ఇది రెండోసారి. మొదటిసారి అన్నది మా అన్న. ఆ దెబ్బకు ఈ ఇంటి తలుపు ఊడింది. ఇప్పుడున్నది కొత్త తలుపు. దర్వాజా చట్రం మాత్రం పాతదే. కుడిపక్క చెక్క ఎగిరిపోయిన చోట లప్పం పెట్టి రంగు వేశారు గానీ, తెలిసిన కంటికి ఆ మచ్చ ఇప్పటికీ కనబడుతుంది.

ఈ ఫ్లాట్ మా మేనత్తది. తార్నాక మెయిన్ రోడ్డు దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ బోర్డులు, టిఫిన్ సెంటర్ల బోర్డులు అన్నీ దాటుకుని లోపలికి వస్తే లిఫ్టు లేని పాత బిల్డింగులో మొదటి అంతస్తు. అత్త యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా చేసి రిటైరైంది. జనగామ వైపు పల్లెలో, వ్యవసాయం ఇంట్లో పుట్టి, ఇంట్లో అందరితో కొట్లాడి పట్నం వచ్చి చదువుకున్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే, "హాస్టల్ నిండ ఆడపిల్లలకు కాపలా ఉన్నదాన్ని. ఇంటికొచ్చి ఇంకొకనికి గూడ కాపలా ఉండాల్నా?" అనేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం క్యాంపస్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. భోజనాలయ్యాక రోజూ హాజరు పిలిచేది. పేరు పిలవగానే "ప్రెజెంట్ మేడమ్" అనాలి. సినిమాకు పోయిన పక్కమ్మాయి తరఫున ఎవరన్నా గొంతు మార్చి పలికితే తల ఎత్తకుండానే పట్టేసేది. ఆవిడ చేతికింద పెరిగినవాళ్ళలో ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసర్లున్నారు, డాక్టర్లున్నారు, అమ్మమ్మలున్నారు. తార్నాక మెట్రో స్టేషన్ మెట్ల మీద అత్త ఎదురైతే, జుట్టు నెరిసిన ఆ పిల్లలు చటుక్కున చేతిలో ఫోను వెనక్కి దాచుకోవడం నేను కళ్ళారా చూశాను.

అటువంటి మనిషి డెబ్బై దాటాక ఒకరోజు బాత్‌రూంలో జారిపడింది. మణికట్టు బెణికింది, అంతే. కానీ ఆ కట్టు చూసి మా అన్న ప్రాణం విలవిల్లాడింది. అన్న చదువంతా అత్త క్వార్టర్స్‌లోనే సాగింది. అమ్మ తర్వాత అమ్మ. నాగోల్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు కింద ఒక గది అత్త కోసమని విడిగా వేయించి, దానికి ఏసీ పెట్టించి, మంచం కూడా కొని, ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చున్నాడు. ఆ ఆదివారం నన్ను కూడా పిలిపించుకుని, "అత్తా, ఇగ చాలు. బట్టలు సర్దు" అన్నాడు. "నా ఇల్లు నాకుండంగ నేనెందుకొస్త?" అంది అత్త. పొద్దున మొదలైన పంచాయతీ మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. అన్న బతిమాలాడు, అలిగాడు, అన్నం తిననన్నాడు, గుత్తొంకాయ వాసన రాగానే తిన్నాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఈసారికి సరే, ఇంకొక్కసారి అత్తకు ఏమన్నా అయిందంటే మాత్రం మారు మాట్లాడకుండా నాగోల్‌కు రావాలి. అత్త కట్టు లేని చెయ్యి చాపి అన్న చేతిలో గట్టిగా వేసింది. "మాటంటే మాట" అంది. మాకు తెలుసు, అత్త మాటిచ్చిందంటే తప్పదు. వర్షంలో తడుస్తూ అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన సొంత మేనకోడలిని, అంటే నన్ను, హాస్టల్ గేటు బయట నిలబెట్టిన మనిషి.

ఇక అన్న ఊరుకుంటాడా? అత్తకు ఏమీ కాకుండా చూడటానికి, వీలైతే అయిందని పట్టుకోవడానికి, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మోసుకొచ్చేవాడు. ముందు బాత్‌రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ వేయించాడు. అది నిజంగా మంచి పని, ఇప్పుడు నేనూ దాన్ని పట్టుకునే లేస్తున్నాను. అత్త మొదటిరోజు దాని మీద లంగాలు ఆరేసింది గానీ, తర్వాత దారికొచ్చింది. ఆ తర్వాత మెడలో వేసుకునే బటన్ ఒకటి తెచ్చాడు. ఆపదొస్తే నొక్కితే మా అందరి ఫోన్లూ మోగి, మనిషి ఎక్కడున్నదీ చూపిస్తాయి. దాన్ని మెళ్ళో వేసుకుని అత్త సికింద్రాబాద్ బస్సెక్కింది. ఆ రద్దీలో ఎవరి మోచెయ్యో దానికి తగిలింది. అన్న ఆఫీసులో మీటింగు వదిలేసి పరుగెత్తుకొచ్చేసరికి అత్త ఆడవాళ్ళ సీట్లో కూర్చున్న ఒక పెద్దమనిషిని లేపే పనిలో ఉంది. మర్నాటి నుంచి ఆ బటన్ వెంకటేశ్వరస్వామి పటానికి దండలాగా వేలాడింది. ఇదేందత్తా అంటే, "ఆయనకే ఆపదొస్తే ఆయనే ఒత్తుకుంటడు" అంది. మూడోది కెమెరా. హాల్లో గోడకు బిగించి, నాగోల్‌లో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చన్నాడు. అన్న మెట్లు దిగేలోపే అత్త దాని మీద తువ్వాల కప్పేసింది. "తలుపు కొట్టకుండ నేను ఏనాడూ పిల్లల రూముల్లకు పోలే. నువ్వు తలుపు కొట్టకుండనే నా ఇంట్ల కూసుంటవా?" అని అడిగింది.

వెనకటికి ఒక ముసలమ్మ ఉండేదట. తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందనీ, తన కుంపటి ఉంటేనే ఊళ్ళో పొయ్యిలు రాజుకుంటాయనీ అనుకునేదట. ఊరి మీద అలిగి, కోడినీ కుంపటినీ చంకన పెట్టుకుని ఎటో పోయి కూర్చుంటే, ఊరికి మామూలుగానే తెల్లవారింది. మా అత్త దగ్గర ఈ కథ తిరగబడింది. ఆవిడ ఏమీ అనుకోలేదు గానీ, ఈ బిల్డింగుకు మాత్రం నిజంగానే ఆవిడ కుక్కర్ కూస్తేనే తెల్లవారేది. అత్త చీకటితోనే లేచి కుక్కర్ పెట్టి, విజిల్స్ వచ్చేదాకా పొయ్యి దగ్గరే నిలబడి, స్టవ్ ఆపేసి, అప్పుడు క్యాంపస్‌లోకి వాకింగ్‌కు పోయేది. పాతకాలపు కుక్కర్, విజిల్ వేస్తే వీధి చివర కుక్కలు లేచేవి. కింద ఫ్లాట్‌లో గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన దంపతులున్నారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆవిడ నోటికీ చేతికీ క్షణం తీరిక లేని మనిషి. పై నుంచి విజిల్ వినపడగానే ఆ కిందింటావిడ మాస్టారి కాఫీకి నీళ్ళు పెట్టేది. పై అంతస్తులో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే అమ్మాయిలు ముగ్గురు నలుగురు కలిసి ఉండేవాళ్ళు. వాళ్ళకు అదే అలారం. అత్త జారిపడ్డాక కిందింటావిడ ఆ పిల్లల్ని పిలిచి, "పొద్దున్నే విజిల్ వినపడకపోతే నాకు చెప్పండర్రా, నేనూ ఓ చెవి వేసి ఉంచుతాను" అందట. ఈ సంగతి అత్తకు ఎవరూ చెప్పలేదు. ఊరందరి హాజరూ తీసుకున్న మనిషికి, అమ్మా, నీ హాజరు మేం తీసుకుంటున్నాం అని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? మాకూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా అన్న ఆ పని చేసేవాడు కాదు.

ఆ పని ఏమిటంటే, అత్త ఒకరోజు పాలు పొయ్యి మీద పెట్టి, పాత విద్యార్థిని ఎవరో ఫోన్ చేస్తే మాటల్లో పడింది. గిన్నె మాడి ఇల్లంతా పొగ. ఇది "ఏమన్నా అయిన" కిందికి వస్తుందా రాదా అని అన్న నాతో ఫోన్లో చాలాసేపు తర్కించాడు. మనిషికి కాలేదు, గిన్నెకు అయింది, కాబట్టి రాదని తీర్మానించుకుని, ఆ ఆదివారం కరెంటు కుక్కర్ పట్టుకొచ్చాడు. పాత కుక్కర్‌ను తనే స్టూలెక్కి అటక మీద పెట్టాడు. "స్విచ్ వేసి మర్చిపో అత్తా" అన్నాడు. వింతేమిటంటే అత్తకు అది నచ్చింది. మూత తీసి చూసి, వేసి చూసి, "ఇది మంచిగున్నదిరా. నోరు లేదు" అంది. అన్న ఆ రోజు ఉత్సాహంగా ఇంటికి వెళ్ళాడు.

సోమవారం పొద్దున అత్త లేచింది. బియ్యం కడిగి పోసింది, స్విచ్ వేసింది, మేనల్లుడు చెప్పినట్టే మర్చిపోయింది. విజిల్ కోసం నిలబడే పని లేదు కదా, ఎన్నడూ లేనంత పెందలాడే బయల్దేరింది. ఫోను చార్జింగుకు పెట్టి వంటింట్లోనే వదిలేసింది. తలుపు దానంతటదే పడే లాక్, బయట తాళం కప్ప కనబడదు. మెట్లు దిగి, రోడ్డు దాటి, క్యాంపస్‌లోకి పోయింది. ఆ పొద్దున గురించి అత్త తర్వాత చాలాసార్లు చెప్పింది. చెట్ల కింద లైటు స్తంభాల దగ్గర పుస్తకాలు పట్టుకుని గొణుక్కుంటూ చదివే పిల్లలు, రాళ్ళ గుట్టల దగ్గర నెమళ్ళ అరుపులు, పాత రాతి భవనం మీద అప్పుడే పడుతున్న ఎండ. రోజూ సగం దూరం పోయి తిరిగొచ్చే మనిషి ఆ రోజు నడుస్తూ నడుస్తూ తన పాత హాస్టల్ దాకా పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. ఇక చెప్పేదేముంది, నేరుగా మెస్సులోకి నడిచి, ఉప్మా రుచి చూసి, ఉప్పు లేదని వంటవాళ్ళకు క్లాసు పీకడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ సమయానికి ఇక్కడ కింద ఫ్లాట్‌లో మాస్టారు, "ఏవిటీ, ఇవాళ కాఫీ లేదా?" అని అడిగారట. "ఉండండి, వార్డెన్ గారి విజిల్ ఇంకా రాలేదు" అన్నదట ఆవిడ. ఆయన పేపరు మొదటి పేజీ చదివారు. ఆటల పేజీ చదివారు. టెండరు ప్రకటనలు కూడా చదివాక తల ఎత్తి పైకప్పు వంక చూశారు. ఆవిడా చూసింది. అప్పుడే పై నుంచి అమ్మాయిలు చెదిరిన జుట్టుతో దిగి వచ్చి, "ఆంటీ, ఇయ్యాల విజిల్ వచ్చిందా? మాకు క్లాస్ పోయింది" అన్నారు. అంతే. అందరూ కలిసి పైకి పరిగెత్తారు. బెల్లు కొట్టారు. తలుపు బాదారు. ఫోన్ చేస్తే లోపల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. బయట తాళం లేదు, లోపల పలుకు లేదు. కిందింటావిడ నాకూ అన్నకూ ఫోన్ చేసింది. బౌద్ధనగర్ నుంచి నేను ఆటోలో వచ్చి పడ్డాను, సగం జడతో. అన్న నాగోల్ నుంచి కారు ఎట్లా నడిపాడో వాడికే తెలియాలి. మెట్ల మీద నిలబడి ఫోన్లో కెమెరా తెరిచాడు. తువ్వాల లోపలి చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

"కొట్టేస్త" అన్నాడు అన్న. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, "గొళ్ళెం వైపు గుద్దండి బాబూ, మడతబందుల వైపు బలం వృథా" అని లెక్క చెప్పారు. మా అన్నది మంచి విగ్రహం. రెండడుగులు వెనక్కి వేసి భుజంతో గుద్దాడు. తలుపుతోపాటు తనూ లోపలికి పోయాడు. లేచి, "అత్తా! అత్తా!" అని అరుస్తూ బాత్‌రూంలోకి, పడకగదిలోకి, బాల్కనీలోకి పరిగెత్తాడు. మంచం కింద చూశాడు. బీరువా కూడా తెరిచాడు. బీరువా ఎందుకు తెరిచావన్నా అని తర్వాత నేనడిగితే, "ఏమో" అన్నాడు. ఇల్లంతా వెతికినా మనిషి లేదు. వంటింట్లో కొత్త కుక్కర్ మీద చిన్న పచ్చలైటు మాత్రం బుద్ధిగా వెలుగుతోంది. అమ్మాయిల్లో ఒకతె మూత తీసింది. గుప్పున ఆవిరి. "అన్నం అయ్యింది" అంది, ఏమనాలో తోచక.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు. చేతిలో గోంగూర కట్టలు పట్టుకుని అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. గుమ్మమైతే ఉంది గానీ తలుపు లేదు. నేల మీద పడున్న తలుపును చూసింది, దాని పక్కన రొప్పుతున్న అన్నను చూసింది. "ఏందిరా, నా తలుపు నిన్నేం జేసింది?" అంది.

కిందింటావిడ ఒక్క ఉదుటున పోయి అత్తను కావిలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అన్న మాత్రం ఆ పడిపోయిన తలుపు మీదే కూలబడి చిన్నపిల్లవాడిలాగా వెక్కి వెక్కి ఏడ్చాడు. అరవైకి దగ్గర పడుతున్న మగవాడు అట్లా ఏడవడం నేను చూడలేదు. కాస్త తేరుకుని, "అత్తా, మాటిచ్చినవ్. ఇంకొక్కసారి ఏమన్న అయితే వస్తనన్నవ్. ఇంతకంటె ఇంకేం కావాలె? నాతోని కాదు అత్తా. ఇట్ల ఇంకోసారి నేను తలుపు పగలగొట్టలేను" అన్నాడు. అత్త తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. అన్న చేతిలో వేసిన చెయ్యి అది. ఈ మనిషి మాట తప్పదు, ఇక ఈ ఇల్లు ఖాళీ అయినట్టే అనుకున్నాను. అమ్మాయిలు కూడా ముఖాలు దించుకున్నారు.

అత్త గోంగూర పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. హాస్టల్లో విచారణ జరిపినప్పుడు ఎట్లా కూర్చునేదో అట్లా. ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. ఎవరికి ముందు తెలిసింది, ఎట్లా తెలిసింది, ఎవరు ఎవరికి చెప్పారు. విజిల్ సంగతి అప్పుడు బయటపడింది. కిందింటావిడ తప్పుచేసిన పిల్లలాగా నిలబడి, "మీకు కోపం వస్తుందని చెప్పలేదు వార్డెన్ గారూ" అంది. అత్త లేచి వంటింట్లోకి పోయి కుక్కర్ గిన్నె పట్టుకొచ్చి అన్న ముందు పెట్టింది.

"చెయ్యి పెట్టి చూడు. అన్నం ఇంకా కాలుతున్నది" అంది. "నేను స్విచ్ ఏసి పోయిన. ఇది సల్లారకముందే ఇంతమంది వచ్చి, నా తలుపు ఇరగ్గొట్టి, నా మంచం కింద సుత వెతికిండ్రు. నాగోల్‌ల నీ ఇంట్ల నేను పడితే ఎవ్వరికి ఎరుక? నువ్వు ఆఫీసుకు పోతవ్, కోడలు ఆఫీసుకు పోతది, పిల్లలు చెవులల్ల అవేవో పెట్టుకొని కూసుంటరు. పొద్దుమీకి మీరు ఇంటికొచ్చి 'అత్తా' అని పిలిచేదాక నేను ఆ ఏసీల పడి ఉండాలె. చెప్పు, నేను ఒక్కదాన్ని ఉన్నది ఈడనా, ఆడనా?"

"మరి మాట?" అన్నాడు అన్న, సన్నగా.

"మాట తప్పలే. ఏమన్న అయితే వస్తనన్న. నాకేం గాలే. అయింది నా తలుపుకు. దాన్ని తీస్కపో నాగోల్‌కు. ఏసీ ఏసి పండవెట్టు" అంది.

ముందు మాస్టారు నవ్వారు. తర్వాత అమ్మాయిలు. ఆఖరికి అన్న, ముక్కు తుడుచుకుంటూ. ఆ అన్నం అందరికీ తలా కాస్త వచ్చింది, పాత గోంగూర పచ్చడి జాడీ ఖాళీ అయింది. మాస్టారికి ఆ రోజు కాఫీ మధ్యాహ్నానికి దొరికింది.

కొత్త తలుపు వచ్చేదాకా అన్న ఇక్కడే ఉన్నాడు, తెరుచుకున్న గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని. పాత కుక్కర్ అటక దిగింది, కొత్తది అటక ఎక్కింది. మర్నాడు పొద్దున అన్న తన చెవులతో విన్నాడు. వంటింట్లో విజిల్, వెంటనే కింద గిన్నె చప్పుడు, ఆపైన మేడ మీద పిల్లల అడుగులు. విని, అటు తిరిగి పడుకున్నాడు. నాగోల్ మాట ఆ తర్వాత ఎత్తలేదు. తాళంచెవి ఒకటి కిందింటి మేకుకు చేరింది. కిందింటావిడ ఒక్క షరతు మాత్రం పెట్టింది. "విజిల్‌కు ముందు బయటికి వెళ్తే నాకు చెప్పి వెళ్ళాలి. హాస్టల్లో పిల్లలు చెప్పకుండా గేటు దాటితే మీరు ఊరుకునేవారా?" అంది. మా అత్తకు ఎదురుమాట దొరక్కపోవడం నేను ఆ ఒక్కసారే చూశాను. ఆనాటి నుంచి అత్త, కుక్కర్ కూయగానే నేల వైపు వంగి, "ప్రెజెంట్ మేడమ్" అనేది. కింద నుంచి ఆవిడ గరిటెతో గిన్నె మీద టంగున కొట్టేది.

కొన్నేళ్ళ తర్వాత ఒక చలికాలం పొద్దున విజిల్ రాలేదు. కిందింటావిడ మేకు మీది తాళంచెవి తీసుకుని వచ్చి తలుపు తెరిచింది. అత్త తన మంచం మీద, తన దుప్పటి కప్పుకుని, నిద్రలోనే పోయింది. పొయ్యి మీద కుక్కర్ కడిగి బోర్లించి ఉంది, విజిల్ పక్కన పెట్టి ఉంది. అన్న వచ్చి, ముందు తలుపు దగ్గర ఆగాడు. దెబ్బ తగలని ఆ తలుపును చేత్తో కాసేపు నిమిరాడు. "మాట నెగ్గించుకున్నది" అన్నాడు. ఆ రోజు మేమంతా ఏడ్చాం గానీ, భయంతో కాదు.

ఆ తర్వాత ఒంటరిదాన్నైన నేను బౌద్ధనగర్ అద్దె ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చాను. నిన్నటి అట్టపెట్టెను విప్పకుండానే అటక మీద దాని అక్క పక్కన పెట్టించాను. మా అమ్మాయికి ఫోన్లో చెబితే అర్థమయ్యే సంగతి కాదు. ఆదివారం రమ్మన్నాను, రాత్రికి ఉండమన్నాను, పొద్దున్నే లేవమన్నాను. ఈ పొద్దున కూడా అత్త కుక్కరే కూసింది. అలవాటు కొద్దీ నేల వైపు వంగి ఆ రెండు మాటలూ అన్నాను. కింద గిన్నె మోగింది, ఈమధ్య కొంచెం మెల్లగా మోగుతోంది, ఆవిడకూ చేతులు వణుకుతున్నాయి. ముసలమ్మ కోడి కూయకపోయినా ఊరికి తెల్లవారుతుంది, నిజమే, కాలానికి మన కోడితో పనిలేదు. కానీ మన కూత కోసం చెవి వేసి ఉన్నవాళ్ళు ఒక్కరున్నన్నాళ్ళూ తెల్లవారేది ఊరికి మాత్రమే కాదు, మనకు కూడా.